ఎండినా చావని గడ్డి

పిల్లలూ!

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మన అనకాపల్లి నుంచే వచ్చింది. రాసినది ఏడో తరగతి చదివే అమ్మాయి. వాళ్ళు ఈమధ్యనే ఊరి చివర కట్టిన వరస ఇళ్ళలో ఒక ఇంటికి మారారట. ఇంటి ముందు ఆరు మంచాలు పట్టేటంత ఖాళీ జాగా ఉన్నదట. "అక్కడ పచ్చగడ్డి పెంచుదామని నాన్నగారు అంటున్నారు. నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారని అమ్మ అంటున్నది. నీళ్ళు తక్కువ తాగే గడ్డి ఏదైనా ఉంటే చెప్పండి మాస్టారూ, మా ఇంట్లో తగాదా తీరుతుంది" అని రాసింది.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పే ముందు, నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెపుతాను. నవ్వకుండా వినండి.

మేముండేది కూడా అటువంటి వరస ఇంటిలోనే. ఒక గోడకు అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. మొత్తం ఎనిమిది ఇళ్ళు. ఎనిమిదింటికీ కలిపి ఒకటే బోరు. ఉద్యోగం నుంచి దిగిన తరువాత నాకు తోటపని మీద మనసు పోయింది. ఇంటి ముందు మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడుగు ఉన్న జాగా బోసిగా కనిపించేది. రెండేళ్ళ కిందట మాఘమాసంలో, చాపలు చాపలుగా అమ్మే కార్పెట్ గడ్డి కొని తెచ్చి పరిపించాను. ఆకులు వెడల్పుగా, మెత్తగా, ముదురాకుపచ్చగా ఉన్నాయి. వచ్చినవాళ్ళందరూ "ఆహా!" అన్నారు. నేను పొంగిపోయాను.

చైత్రం వచ్చేసరికి ఆ గడ్డికి రోజూ నీళ్ళు కావలసివచ్చింది. వైశాఖంలో పొద్దున్నా సాయంత్రమూ పెట్టవలసివచ్చింది. ఒక్కపూట మానితే ఆకులు చుట్టుకుపోయేవి. ఇంతలో బోరు తగ్గింది. మోటారు వేస్తే అరగంట నీళ్ళు, ఆ తరువాత వట్టి గాలి!

ఒకరోజు తెల్లవారుజామున నేను గొట్టం పట్టుకుని గడ్డి తడుపుతున్నాను. నాలుగో ఇంటి ఇల్లాలు రెండు ఖాళీ బిందెలతో కుళాయి దగ్గర నిలబడి ఉన్నది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీ గడ్డి చాలా పచ్చగా ఉంది మాస్టారూ!" అన్నది, అంతే. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ పూట నాకు ఒక పాఠం చెప్పినట్టయింది. గొట్టం కట్టేశాను. మళ్ళీ విప్పలేదు.

ఎనిమిది రోజులలో కార్పెట్ గడ్డి ఎండిపోయింది. రోహిణీ కార్తె వెళ్ళి మృగశిర వచ్చింది. వానలు పడ్డాయి. గడ్డి లేస్తుందేమో అని రోజూ చూశాను. లేవలేదు. చాప తిరగేసి చూస్తే వేళ్ళు వేలెడు లోతు కూడా దిగలేదు. రోజూ పైపైన తడిపిన నీళ్ళకు అలవాటుపడి అవి పైపైనే ఉండిపోయాయి.

అప్పుడు మా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. రోడ్డు అంచున, స్కూటరు చక్రాలు తొక్కేచోట, మేకలు మేసేచోట, వైశాఖమంతా మట్టిరంగులో పడివున్న గడ్డి వారం తిరగకుండానే పచ్చగా చిగిర్చింది.

"తాతయ్యా, దీనికి ఎవరు నీళ్ళు పోశారు?" అన్నది.

నేను వంగి చూశాను. అది గరిక! వినాయకచవితికి ఇరవయ్యొక్క పత్రులలో ఒకటిగా, దూర్వాయుగ్మం అని రెండు పోచలు జంటగా కలిపి పెడతామే, ఆ గరిక.

పిల్లలూ, అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఈ గరికే. అయితే పేరు చెప్పినంత మాత్రాన పాఠం అయిపోదు. ఒక గడ్డి ఎండకు ఎందుకు చస్తుంది, ఇంకొకటి ఎందుకు చావదు అనేది తెలిస్తేనే, ఏ ఊరిలో ఏ గడ్డి వేయాలో మీరే తేల్చుకోగలరు.

మొదటి సంగతి భూమి కింద ఉన్నది. గరిక రెండు రకాల తీగలు వేస్తుంది. ఒకటి నేలమీద పాకుతుంది. ప్రతి కణుపు దగ్గరా కిందికి వేరు, పైకి చిగురు వేస్తుంది. రెండవది మట్టిలోపలే పాకుతుంది. అది తెల్లగా, గట్టిగా, మొనదేలి ఉంటుంది. గరికకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సైనొడాన్ డాక్టైలాన్. గ్రీకు భాషలో మొదటి మాటకు కుక్కపన్ను అనీ, రెండవదానికి వేలు అనీ అర్థం వస్తుంది. మట్టిలోని మొగ్గలు కుక్కపన్నులాగా, పైన పూత విచ్చుకున్న చేతివేళ్ళలాగా ఉంటాయి. ఇక వేళ్ళు చాలావరకు అర మీటరు లోతులోనే ఉన్నా, మట్టి వదులుగా ఉంటే కొన్ని మీటరు దాటి కూడా దిగుతాయి. మీద ఎండ మాడుతున్నా అక్కడ మట్టి ఇంకా చల్లగా, చెమ్మగా ఉంటుంది.

రెండవ సంగతి ఆకులో ఉన్నది. ఆకులకు కంటికి కనబడని చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిగుండా మొక్క బొగ్గుపులుసు వాయువును, అంటే మీ పుస్తకాలలోని కార్బన్ డయాక్సైడును, లోపలికి తీసుకుంటుంది. కాని రంధ్రం తెరిచిందంటే లోపలి నీరు ఆవిరై బయటికి పోతుంది. చుట్టం వచ్చాడని తలుపు తీస్తే ఇంట్లో కోడిపిల్లలన్నీ బయటికి పరుగెత్తినట్టు! వరి మొక్కకు ఈ బాధ ఎక్కువ. గరిక తెలివైనది. వచ్చిన బొగ్గుపులుసు వాయువును గుమ్మం దగ్గరే చటుక్కున పట్టుకుని లోపలి గదికి చేరవేసే ఏర్పాటు దాని ఆకులో ఉన్నది. అందుచేత తలుపు ఓరగా తీస్తే చాలు. వరి జాతి మొక్కలకు అవసరమయ్యే నీటిలో సుమారు సగంతోనే అంత ఎదుగుదలా సాధిస్తుంది.

ఈ ఏర్పాటును మనుషులు మొదట ఏ మొక్కలో కనిపెట్టారో తెలుసా? చెరకులో! హవాయి దీవులలో చెరకు మీద పరిశోధన చేస్తున్న కోర్ట్‌షాక్, ఆయన తోటివారు 1965లో ఈ సంగతి ప్రకటించారు. మరుసటి ఏడు, 1966లో, ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని మర్మమంతా విప్పి చెప్పారు. వాళ్ళు పరిశీలించినది కూడా చెరకు ఆకే.

బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లిలో పుట్టిన మనం ఈ మాట విని సంతోషించవద్దూ? మన ఊళ్ళో చెరకు పరిశోధనా కేంద్రం 1913లో మొదలయింది. చెరకు కూడా గడ్డి కుటుంబంలోదే. చెరకుగడను పక్కన పెట్టుకుని గరికతీగను చూడండి: అదే కణుపు, కణుపు దగ్గర అదే మొగ్గ, మొగ్గ నుంచి అదే చిగురు. గరిక అంటే వేలెడు చెరకు అనుకోండి, తీపి ఒక్కటే తక్కువ!

మూడవ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. నీళ్ళు బొత్తిగా లేనప్పుడు గరిక పచ్చగా ఉండాలని పట్టుబట్టదు. ఆకులను ఎండిపోనిస్తుంది. ప్రాణాన్ని మట్టిలోని తీగలలోకీ మొగ్గలలోకీ దాచుకుని నిద్రపోతుంది. చూసేవాళ్ళు చచ్చిందనుకుంటారు. వాన పడగానే లేచి కూచుంటుంది. కరువుకు ఆగే గడ్డి అంటే ఎప్పుడూ పచ్చగా ఉండేది అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటు. కరువుకు ఆగే గడ్డి అంటే ఎండవలసినప్పుడు ఎండి, మళ్ళీ లేవగలిగినది.

మరి నా కార్పెట్ గడ్డి చెడ్డదా? కాదు. అది అమెరికా ఖండంలో ఉష్ణమండలపు చెమ్మనేలల్లో పుట్టినది. అటువంటి చోట, చెట్ల నీడలో కూడా, చక్కగా పెరుగుతుంది. దాని పుట్టిల్లు ఎటువంటిదో విచారించకుండా ఎర్రటి ఎండలో పెట్టిన తప్పు నాది. దుకాణాలలో కొరియన్ గడ్డి అనే సన్నాకు గడ్డి కూడా అమ్ముతారు. అది జోయిసియా జాతి. కార్పెట్ గడ్డికన్నా ఎండకు బాగా ఓర్చుకుంటుంది కాని, చాలా నెమ్మదిగా అల్లుకుంటుంది. ఒకచోట చెడితే మళ్ళీ మూసుకోవటానికి నెలలు పడుతుంది. పిల్లలు పరుగెత్తి ఆడుకునే చోటుకు గరికే మేలు.

ఈమధ్య ఒక తమాషా జరిగింది. నా పాత శిష్యుడొకడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ నగరం దగ్గర ఉంటున్నాడు. వాడిదీ వరస ఇల్లే. అక్కడ టౌన్‌హోమ్ అంటారట. ఇంటి ముందు చిన్న జాగా, వేసవి మన వేసవి లాంటిదే. "మాస్టారూ, ఇక్కడ బెర్ముడా గడ్డి వేయమని కొందరూ, సెయింట్ అగస్టీన్ గడ్డి వేయమని కొందరూ అంటున్నారు. ఏది వేయమంటారు?" అని ఫోను చేశాడు. నేను నవ్వి, "ఒరే, మీ బెర్ముడా గడ్డి అంటే ఏమిటనుకున్నావు? చిన్నప్పుడు చవితినాడు మీ అమ్మగారు కోసుకురమ్మని పంపిస్తే మా బడి ఆవరణలో కోసుకుపోయేవాడివే, ఆ గరికేరా!" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

నిజానికి గరిక బెర్ముడా దీవులలో పుట్టినది కాదు. ఆఫ్రికా, ఆసియా ఖండాల వేడినేలల గడ్డి. అమెరికాకు వలసపోయి అక్కడ ఆ పేరు తెచ్చుకున్నది. జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే చిన్న ఊళ్ళో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రజ్ఞుడు గరిక మీద ఎన్నో ఏళ్ళు పనిచేశాడు. 1943లో పశువుల మేతకు ఒక రకమూ, 1960లో టిఫ్‌వే అనే పచ్చిక రకమూ ఆయన విడుదల చేసినవే. టిఫ్‌వే మామూలు గరికకూ ఆఫ్రికా గరికకూ పుట్టిన సంకరజాతి. దానికి విత్తనం పట్టదు. తీగముక్కలే నాటాలి. ఇక సెయింట్ అగస్టీన్ గడ్డి సంగతి: అది నీడకు ఓర్చుకుంటుంది కాని, నీళ్ళు ఎక్కువ అడుగుతుంది. "నీ జాగాలో ఎండ ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసి, అప్పుడు నిర్ణయించుకో" అని చెప్పాను.

అదే అమెరికాలో నెవాడా రాష్ట్రంలో 2021లో ఒక చట్టం చేశారు. లాస్ వేగాస్ ప్రాంతంలో, రోడ్ల పక్కనా ఆఫీసుల ముందూ ఎవరూ నడవని, ఎవరూ ఆడని అలంకారపు పచ్చికకు 2026 సంవత్సరం ముగిసిన తరువాత కొలరాడో నది నీళ్ళు పెట్టకూడదు. విడివిడి ఇళ్ళవాళ్ళకు ఇది వర్తించదు. అయినా చూడండి, మన బోరు దగ్గర రెండు బిందెలు అడిగిన ప్రశ్ననే అక్కడ ఒక రాష్ట్రం చట్టంగా రాసుకున్నది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కాగితం, పెన్సిలు తీయండి. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్ళు నిలిస్తే సరిగా ఒక లీటరు అవుతుంది. మా జాగా 12 చదరపు మీటర్లు. మండు వేసవిలో పచ్చిక రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్ళు తాగుతుందనుకుందాం. 12ను 5తో గుణిస్తే 60 లీటర్లు. బిందెకు 15 లీటర్లు పడితే రోజుకు నాలుగు బిందెలు. నెలకు? 120 బిందెలు!

గరికను పచ్చగా కాకపోయినా ప్రాణంతో ఉంచటానికి మేము పది రోజులకు ఒకసారి, 15 మిల్లీమీటర్ల చొప్పున పెడుతున్నాము. అంటే ఒక తడికి 180 లీటర్లు, 12 బిందెలు. నెలకు మూడు తడులు, 36 బిందెలు. మిగిలిన 84 బిందెలు ఎవరి ఇంటికి పోతాయో మీకు చెప్పనక్కరలేదు.

ఇక నాటే పద్ధతి. తొలకరి పడ్డాక మొదలుపెట్టండి. వానలే నీళ్ళు పోస్తాయి. జానెడు లోతు తవ్వి, రాళ్ళు ఏరి, బాగా మాగిన గెత్తం కలపండి. తవ్వేటప్పుడు తుంగగడ్డలు కనబడితే ఒక్కటి కూడా వదలకండి. తుంగ గడ్డిలాగే కనిపిస్తుంది కాని, గడ్డి కుటుంబంలోది కాదు. కాడను వేళ్ళ మధ్య తిప్పి చూడండి: మూడు పలకలుగా తగిలితే తుంగ, గుండ్రంగా తగిలి కణుపులు ఉంటే గడ్డి.

తరువాత గరికతీగలను రెండు మూడు కణుపులు ఉండేలా తుంచండి. రైతులు చెరకు ముచ్చెలు నాటరూ, అలాగే ఈ గరిక ముచ్చెలను బెత్తెడు ఎడంలో నాటి, ఒక కణుపు మట్టిలో ఉండేటట్టు చూసి, కాలితో నెమ్మదిగా అదమండి. వాన లేని రోజున కొంచెం తడపండి. మూడు వారాలయ్యాక రోజూ తడపటం మానండి. తడిపిన రోజున లోతుగా తడపండి. తడికీ తడికీ మధ్య ఎడం పెంచండి. వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి పోవటం నేర్చుకోవాలి. గారాబం చేస్తే నా కార్పెట్ గడ్డి గతే పడుతుంది. వేసవిలో మరీ పొట్టిగా కోయకండి. రెండంగుళాల ఎత్తు ఉంచితే తన నీడలో తానే మట్టిని చల్లగా ఉంచుకుంటుంది.

గరికలో లోపాలు లేవా? ఉన్నాయి. దానికి రోజుకు ఆరు గంటలైనా ఎండ కావాలి. నీడలో పలచబడి పోతుంది. మీ ఇంటి ముందు మామిడిచెట్టు ఉంటే అక్కడ గడ్డి ఆశ వదులుకుని, నాలుగు పలకరాళ్ళు పరిచి, ఒక తులసికోట పెట్టుకోండి. రెండవది: గరికకు హద్దు తెలియదు. పక్కింటి పూలమడిలోకి కూడా పాకిపోతుంది. జాగా చుట్టూ ఇటికలు నిలువునా పాతండి; అప్పటికీ దాటిన తీగలను నెలకొకసారి కత్తిరించండి. పొలంలో అది రైతుకు శత్రువు. కణుపున్న ప్రతి ముక్కా ఒక మొక్కే. కాబట్టి కోసిన తీగలను పంటచేల వైపు విసరకండి. ఆవుకో, మేకకో పెట్టండి. పండుగ చేసుకుంటాయి.

మా గరికకు ఇప్పుడు రెండో ఏడు నడుస్తున్నది. పోయిన వైశాఖంలో మా ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన మట్టిరంగులో ఉన్న గడ్డిని చూసి, "అయ్యో, ఈసారీ చచ్చిపోయిందే!" అని జాలిపడ్డాడు. నేను నోరు తెరిచేలోగానే మా మనవరాలు కూచుని గోటితో మట్టి గీకి, కిందనుంచి ఒక తీగను పైకి తీసి, విరిచి చూపింది. లోపల తెల్లగా, తడిగా ఉన్నది.

"చావలేదండీ, నిద్రపోతున్నది" అన్నది.

మృగశిరలో మూడు వానలు పడ్డాయి. జాగా అంతా పచ్చబడింది. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి ఎనిమిది ఇళ్ళ పిల్లలూ అక్కడే చేరుతున్నారు. నాలుగో ఇంటి అమ్మగారి చిన్నబ్బాయి అందరికన్నా ముందు వస్తాడు.

ఈ నెల పని: రెండు పాత డబ్బాలలో మట్టి పోసి, ఒకదానిలో గరిక, ఇంకొకదానిలో మీకు నచ్చిన వేరే గడ్డి నాటండి. రెండూ బాగా నాటుకున్నాక ఇరవై రోజులు నీళ్ళు మానండి. తరువాత మళ్ళీ పోయండి. ఏది ఎన్నో రోజున ఎండిందో, ఏది ఎన్నో రోజున లేచిందో తేదీలతో సహా రాసి పంపండి. ఉత్తరం రాసిన అమ్మాయీ, నువ్వు ముందుగా మీ ఇంటి ముందు ఎండ ఎన్ని గంటలు పడుతుందో, మీ బోరు ఎన్ని ఇళ్ళకు నీళ్ళు ఇస్తుందో రెండూ రాసుకో. ఆ కాగితం అమ్మగారికీ, నాన్నగారికీ కలిపి చూపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు